వట్టి బావి మీద మోట

ద్రాక్షపళ్ళు తిందామని వెళ్ళి కోపం మోసుకొచ్చాను. హైదరాబాదు నుంచి తిరిగొచ్చి నెల కావస్తోంది, ఆ కోపం ఇంకా దిగలేదు. నాకు ముక్కు మీద కోపమని మా బళ్ళో పిల్లలకే కాదు, మా ఇంటి పిల్లికి కూడా తెలుసు. అయితే ఇది పిల్లవాడు ఎక్కం తప్పు చెబితే వచ్చే కోపం లాంటిది కాదు. తణుకు పక్క పల్లెలో పుట్టి, కాలవ గట్టు మీద పెరిగి, వంగి చెయ్యి చాపితే నీళ్ళు తగులుతాయనుకునే మా బోటివాళ్ళు ఒక్కసారైనా ఆ వైపు వెళ్ళి రావాలి. వెళ్ళలేనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా పెద్దమ్మ కూతురు అనసూయక్క భర్త వెంకట్రాయుడు బావ కొన్నేళ్ళ కిందట ఇక్కడి మాగాణి అమ్ముకుని, హైదరాబాదుకు పడమటగా, కొత్తగూడ దాటాక వచ్చే ఒక పల్లెలో భూమి కొన్నాడు. ద్రాక్షతోట వేశాడు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ ఎన్ని ఎకరాలు వచ్చాయో మా వైపు కథలు కథలుగా చెప్పుకున్నారు. "పళ్ళు కోతకొచ్చాయి, ఈసారైనా రా తమ్ముడూ" అని అక్క కబురు పంపితే, బడికి సెలవు పెట్టి రైలెక్కాను.

మూసాపేట

పట్నంలో బస్సెక్కి మూసాపేటలో దిగేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. అక్కడొక సోడా కొట్టు, ఒక సైకిలు షాపు, ఒక చాయ్ హోటలు. మా వైపు హోటల్లో కూర్చోగానే ముందు మంచినీళ్ళ గ్లాసు పెడతారు, ఏం కావాలని తర్వాత అడుగుతారు. ఇక్కడ చాయ్ వచ్చింది కాని నీళ్ళు రాలేదు. నీళ్ళేవయ్యా అని అడిగాను. హోటలతను నన్ను ఎగాదిగా చూసి, "ముందుగాల చాయ్ తాగు సారూ, గొంతు దాంతోనే తడుస్తది" అన్నాడు. చాయ్ మాత్రం అద్భుతం. చిక్కగా, పైన మీగడ తరక తేలుతూ ఉంది. మా ఊళ్ళో కాఫీ ఖరీదులో సగానికే వచ్చింది.

ఆ పాలు పోసిన మనిషి పక్క బల్ల మీదే కూర్చున్నాడు. పేరు నర్సయ్య. యాభై దాటి ఉంటాయి. తలకు రుమాలు చుట్టుకుని, గోడకు ఆనించిన సైకిలు మీద ఒక కన్ను వేసి చాయ్ సాసర్లో పోసుకుని తాగుతున్నాడు. నేను వెళ్ళే ఊరే ఆయనదీ. "రాయుడు సారు బామ్మర్దివా? అయితే మాకు గూడ సుట్టానివే, నడువు పోదాం" అని లేచాడు. సైకిలుకు రెండు వైపులా పాలక్యాన్లు వేలాడుతున్నాయి. పాలు పోసి వచ్చాడు కదా, ఖాళీవే అనుకుని, పెద్దమనిషికి సాయం చేద్దామని హ్యాండిలు పట్టుకుని తోశాను. సైకిలు కదల్లేదు. ఇంకోసారి తోస్తే నా మీదికే ఒరిగింది.

"నిండుగున్నయి సారూ" అని నవ్వాడు నర్సయ్య.

"పాలు అమ్ముడుపోలేదా?"

"పాలు ఎప్పుడో అమ్ముడువోయినయి. ఇవి నల్ల నీళ్ళు. మా తాగే బాయి ఎండింది. పొద్దుగాల పాలు పట్కపోత, పోయేటప్పుడు నీళ్ళు పట్కపోత."

నల్ల అంటే కొళాయి. పల్లె నుంచి పట్నానికి పాలు, పట్నం నుంచి పల్లెకు నీళ్ళు, అవే క్యాన్లలో. ఆ నీళ్ళు కొంటారా అని అడిగాను. "కొనుడేంది సారూ, హోటలాయన పున్నానికే పట్టుకోనిస్తడు" అన్నాడు. కొంత దూరం నడిచాక ఆయనే, "అందుకనే ఆయనకు పాలు జర తక్కువకు ఇస్త" అన్నాడు. దాన్ని కొనడమనే అంటారు మా ఊళ్ళో అన్నాను. ఆయనకు అది వాదించాల్సిన సంగతిగా కనబడలేదు.

రాళ్ళ బాట

మూసాపేట రోడ్డు వదిలితే బండ్ల బాట. మా వైపు ఎటు చూసినా వరి, ఇక్కడ ఎటు చూసినా రాయి. ఒక బండ మీద ఇంకో బండ, దాని మీద చిన్న బండ. ఎవరో పనిగట్టుకుని పేర్చిపెట్టినట్టు ఉన్నాయి. రాళ్ళ సందుల్లో మట్టి ఎక్కడుంటే అక్కడ ఒక మడి, దాని చుట్టూ ముళ్ళకంప. జీడిమెట్ల వైపు కొత్తగా కార్ఖానాలు లేస్తున్నాయని, ఈ ఊళ్ళ మగవాళ్ళలో చాలామంది అక్కడ మట్టి మోయడానికి పోయి వారానికోసారి ఇంటికొస్తున్నారని నర్సయ్య చెప్పాడు. కొత్తగూడ దగ్గర నా చెప్పు తెగింది. నర్సయ్య సైకిలు బుట్టలోంచి తీగముక్క తీసి కట్టాడు. అది పది అడుగులు కూడా ఆగలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, కాలుతున్న బాట మీద చిందులేస్తూ నడిచాను.

ఊరి మొదట్లో ఒక ఇల్లు. ముందు రెండు ఎడ్లు కట్టేసి ఉన్నాయి. ఒకావిడ వాటి ముందు ఎండుగడ్డి వేస్తోంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఆమె పేరు సాయమ్మ అనీ, భర్త జీడిమెట్లలో పనిలో ఉన్నాడనీ నర్సయ్య చెప్పాడు. తాగడానికి నీళ్ళడిగాను. లోపలికి వెళ్ళి చెంబు తెచ్చింది. సగం తాగాను. మిగిలిన సగం, మా ఇళ్ళల్లో ఎవరైనా చేసే పనే, మంటెత్తుతున్న పాదాల మీద పోసుకున్నాను. హాయిగా ఉంది. తలెత్తి చూస్తే ఆమె నా ముఖం చూడటం లేదు, తడిసిన నేలను చూస్తోంది.

"కాళ్ళకు గూడ దూపయ్యిందా సారూ?" అంది.

నర్సయ్య పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. దూప అంటే దాహమని నాకు అప్పటికి తెలియదు కాని, మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

తోట

అక్క వడ్డించిన భోజనంలో గోంగూర, ఆవకాయ, కంది పచ్చడి, గడ్డ పెరుగు. కళ్ళు మూసుకుంటే తణుకే. కళ్ళు తెరిస్తే కిటికీలోంచి బండరాళ్ళు. అక్క ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా జొన్నరొట్టె చెయ్యడం నేర్చుకోలేదట. పనివాళ్ళలో ఒకామె తెచ్చిపెట్టిన రొట్టె, పచ్చిపులుసుతో నాకు పెట్టింది. మా వైపు పులుసు మరగనిదే పులుసు కాదు. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి, పొయ్యి ఎక్కించకుండానే కలిపేస్తారు. ఆ ఎండలో దానికి మించింది లేదు. నాలుగు రొట్టెలు తిని ఇంకోటి అడగడానికి మొహమాటపడ్డాను.

సాయంత్రం బావ తోట తిప్పి చూపించాడు. నిజం చెప్పాలి, గొప్పగా ఉంది. తీగల పందిరి కింద నిలబడితే ఎండ తెలియదు. లేత ఆకుపచ్చ గుత్తులు తలకు తగులుతున్నాయి. పండు కొరికితే తేనె. "ఇక్కడ ముళ్ళకంప తప్ప ఏమీ ఉండేది కాదోయ్. ఈ రాళ్ళు చూసి మా వాళ్ళంతా నాకు పిచ్చి పట్టిందన్నారు" అని చెప్పుకున్నాడు. ఆ కష్టం నేను కాదనను. అతని చేతులు చూస్తే తెలుస్తుంది.

పందిరి కింద ఊరి ఆడవాళ్ళు కత్తెరలతో గుత్తులు కోస్తున్నారు. ఒక కిలో పళ్ళకు పట్నంలో ఎంత పలుకుతుందో బావ చెప్పాడు. వాళ్ళకిచ్చే రోజు కూలి ఎంతో కూడా అతనే చెప్పాడు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా గుత్తులు కోసిన మనిషి ఆ కూలితో ఒక కిలో పళ్ళు కొనుక్కోలేదు. ఆ మాటే అన్నాను. "వీళ్ళకు ద్రాక్షపళ్ళెందుకోయ్? జొన్నలు కొనుక్కుంటారు. పని ఇచ్చానా లేదా, అది చెప్పు" అన్నాడు బావ. అక్క తల వంచుకుని గుత్తులు బుట్టలో సర్దుతోంది.

తోట చివర సిమెంటు తొట్టి ఉంది. మా ఊళ్ళో ఇల్లంత ఉంటుంది. నీళ్ళు అడుగుకు దిగి ఉన్నాయి. "ఇవాళ నా వంతు కాదు. రేపు చూద్దువుగాని, సాయంత్రానికి తొట్టి పొర్లుతుంది" అన్నాడు. వంతేమిటో నాకు అర్థం కాలేదు. బావి దగ్గరికి వెళితే తెలుస్తుందన్నాడు.

బావి గడ్డ

బావి ఊరి వెనక ఉంది. బండను తొలిచి తవ్విన పెద్ద నలుచదరపు బావి, లోపలికి మెట్లున్నాయి. ఒక ఒడ్డున రెండు కొయ్యస్తంభాల మధ్య గిలక, పక్కన గదిలో బావ పెట్టిన కరెంటు మోటారు. నేను వెళ్ళేసరికి నర్సయ్య మోట తోలుతున్నాడు. మా వైపు మోట చూసినవాళ్ళు తక్కువ కాబట్టి చెబుతాను. తాడుకు పెద్ద ఇనప బొక్కెన కట్టి బావిలోకి వదులుతారు. తాడు రెండో కొస ఎడ్ల కాడికి ఉంటుంది. ఎడ్లు వాలుగా ఉన్న దారిలో కిందికి దిగితే బొక్కెన పైకొచ్చి కాలవలో నీళ్ళు గుమ్మరిస్తుంది. మళ్ళీ ఎడ్లు వెనక్కి ఎక్కాలి. గిలక ఇటు తిరిగినా కుయ్యిమంటుంది, అటు తిరిగినా కుయ్యిమంటుంది.

ఎడ్లకు ఊపిరి తిప్పుకోనిచ్చినప్పుడు నర్సయ్య నాకు వంతుల సంగతి చెప్పాడు. ఈ బావిలో నాలుగు పాళ్ళు. రెండు నర్సయ్యవీ ఆయన తమ్ముడివీ. ఒకటి సాయమ్మ వాళ్ళది. ఇంకొకటి భూమితో పాటు మా బావ కొన్నది. రోజుకొకరి వంతు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా బావి ఆ ఇంటివాళ్ళది. మా బావ తర్వాత సాయమ్మ, ఆమె తర్వాత తమ్ముడు, ఆ తర్వాత నర్సయ్య. తాతల నాటి కట్టుబాటు. ఒకరి వంతులో ఇంకొకరు చెంబుడు నీళ్ళు తీసుకున్నా తప్పేనట. ఎడ్లు ఎంత తోడినా మోటతో బావి ఒక్క రోజులో అడుగంటదు. అడుగున మిగిలిన నీళ్ళకు రాత్రి ఊరినవి కలిసి మర్నాటి వాళ్ళ వంతు గడుస్తుంది.

"మరి మోటారుకు ఎలా ఒప్పుకున్నారు?" అన్నాను.

నర్సయ్య మోటారు గది వైపు చూశాడు. "రాయుడు సారుకు ఎడ్లు లేవు. మోటరు పెట్టుకుంట అన్నడు. మేం ఏమనుకున్నమంటే, మోట పొద్దంత తోడే నీళ్ళు మోటరు జరసేపట్ల తోడుతది. తోడి బందు జేస్తడు. మిగిలిన పొద్దంత బాయి ఊరుతది. మాకే లాభమైతది అనుకున్నం. కొబ్బరికాయ గూడ మేమే కొట్టినం."

ఎంత అమాయకత్వమో అని నవ్వబోయి ఆగిపోయాను. ఇందులో అమాయకత్వమేముంది? ఒక వంతు అంటే పొద్దంతా ఒక మోట తోడే నీళ్ళు. వాళ్ళ తాతలకూ, వాళ్ళకూ అది చెప్పుకోవలసినంత కొత్త సంగతి కాదు. ఎవడైనా అంతకు మించి తోడతాడని వాళ్ళకు తట్టలేదు. తట్టకపోవడం వాళ్ళ తప్పా?

"బందు చేస్తున్నాడా మా బావ?"

"పొద్దు గూకినంక చేస్తడు" అన్నాడు నర్సయ్య, ఎడ్లను అదిలించి.

బావ వంతు

మర్నాడు తెల్లారుతూనే మోటారు మోగింది. దాని గొట్టంలోంచి దూకిన నీళ్ళు తొట్టిలో పడుతుంటే చూడముచ్చటగానే ఉంది. పొద్దు పైకెక్కాక బావి దగ్గరికి వెళ్ళాను. మెట్లు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. మధ్యాహ్నానికి అడుగున బండ కనిపించింది. మోటారు ఆగలేదు. కాసేపు గాలి పీలుస్తుంది, నీళ్ళు కాస్త ఊరగానే అందుకుంటుంది.

అప్పుడు సాయమ్మ వచ్చింది. నర్సయ్యనూ ఆయన తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని వచ్చింది. బావ కూడా వచ్చాడు. అందరూ బావి గట్టు రాళ్ళ మీద కూర్చున్నారు. ఆమె నిలబడే మాట్లాడింది.

"రాయుడు సారూ, నా వరి పొట్టకొచ్చింది. రేపటి తడి గావాలె. పోయిన వంతుకు గూడ నా మోటల నీళ్ళు సగమే వచ్చినయి. జర ఇప్పుడన్న మోటరు బందు చెయ్యి. పొద్దటికి ఊరిన కాడికి తోడుకుంట."

బావ విసుక్కోలేదు. ఎంతో మర్యాదగా, "చూడమ్మా, వంతు పొద్దు గూకేదాకా అని పెట్టింది నేనా? మీ పెద్దలే కదండీ. నర్సయ్య గారూ, మీరే చెప్పండి. నేను ఎప్పుడైనా నా వంతు దాటి ఒక్క నిమిషం ఎక్కువ నడిపానా?" అన్నాడు.

నర్సయ్య తమ్ముడు నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. నర్సయ్య రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "మాటైతే నిజమే" అన్నాడు.

అందరూ విన్నారు. సాయమ్మ కూడా విన్నది. నర్సయ్య వంతు వచ్చేసరికి బావి ఎంతో కొంత ఊరి ఉంటుంది. ఆయన మడి పచ్చగానే ఉంది. మోటారు వంతుకు మర్నాడే వచ్చే వంతు సాయమ్మది. నేను చుట్టాన్ని, పరాయి ఊరివాణ్ణి, నోరు మూసుకుని కూర్చోవాలని నాకు తెలుసు. కూర్చోలేకపోయాను.

"బావా, తొట్టి ఎలాగూ నిండింది. మధ్యాహ్నానికే ఆపేస్తే నీ తోటకేం పోతుంది?"

"నువ్వు చుట్టపుచూపుగా వచ్చావోయ్. పళ్ళు తిను, అక్కతో కబుర్లు చెప్పు" అని నవ్వాడు. తర్వాత సాయమ్మ వైపు తిరిగి, "అందుకే చెబుతున్నానమ్మా, బావిలో నీ పాలు నాకిచ్చెయ్యి. మంచి ధర ఇస్తాను. నీకు తోటలో రోజూ పని. ఎడ్లను మేపే బాధ ఉండదు" అన్నాడు.

"పాలు అమ్మితే నా భూమి ఏంగావాలె?"

"మెట్ట పంట వేసుకో."

ఆమె తన ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయింది. పొద్దు గూకేదాకా మోటారు మోగింది. బావ చెప్పినట్టే తొట్టి పొర్లింది. పొర్లిన నీళ్ళు రాళ్ళలోకి ఇంకిపోయాయి. అది చూశాక నాకు అన్నం సహించలేదని రాస్తే బాగుంటుంది కాని, తిన్నాను. అక్క వడ్డిస్తే తినకుండా లేవడం నావల్ల కాదు. తింటూనే బావతో పోట్లాడాను.

సాయమ్మ వంతు

తెల్లవారాక గిలక చప్పుడు వినిపించింది. రాత్రంతా ఊరి కాసిని నీళ్ళయినా వచ్చాయి కాబోలని సంతోషపడి బావి దగ్గరికి నడిచాను. సాయమ్మే మోట తోలుతోంది. మోట తోలే ఆడదాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. కొంగు నడుముకు బిగించి, తాడు మీద కూర్చుని ఎడ్లతో పాటు వాలులో దిగుతోంది. బొక్కెన పైకొచ్చింది. కాలవలో రెండు చెంబుల బురద పడింది. మళ్ళీ వదిలింది. బొక్కెన బండకు తగిలి ఖంగుమంది. ఈసారి బురద కూడా సరిగా రాలేదు.

ఎంతసేపటికీ ఆమె ఆపలేదు. ఎడ్ల నోళ్ళలో నురగ కనిపిస్తోంది. ఆమె వాటిని నిలిపి మెడలు రుద్దుతున్నప్పుడు దగ్గరికి వెళ్ళాను.

"నీళ్ళు లేవు కదమ్మా, ఇంకా ఎందుకు తోలుతున్నావు?"

"నా వంతు గదా సారూ."

"వంతైతే మాత్రం? వట్టి బావి తోడి ఏం లాభం?"

ఆమె నన్ను చంటిపిల్లవాణ్ణి చూసినట్టు చూసి, ఓపిగ్గా చెప్పింది. ఈ బావికి ఇంకో కట్టుబాటు ఉంది. వంతు వచ్చిన నాడు ఆ ఇంటి మోట ఆడాలి. వరసగా రెండు మూడు వంతులు మోట ఆడకపోతే, వాళ్ళు సేద్యం విడిచినట్టే లెక్క. బావిలో వాళ్ళ పాలు పోయినట్టే. పూర్వం ఎవరైనా ఊరొదిలిపోతే వాళ్ళ నీళ్ళు వృథా పోకుండా పెట్టుకున్న ఏర్పాటు అయి ఉంటుంది. మంచి ఏర్పాటే.

"మా మామ చెప్పిండు. నీళ్ళు రానీ రాకపోనీ, మన వంతు నాడు మన గిరక సప్పుడు ఊరికి ఇనవడాలె అన్నడు. ఇప్పుడు నేను ఇంట్ల కూసుంటే, సాయమ్మ ఇడిసిపెట్టింది అంటరు. రాయుడు సారు అదే చూస్తున్నడు."

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. మా బావ దొంగ కాదు. ఆ సంగతే మండించింది. దొంగైతే పట్టుకోవచ్చు. ఒక్క నిమిషం ఎక్కువ తోడనివాణ్ణి, అమ్మా అని తప్ప పిలవనివాణ్ణి ఏ పంచాయితీలో నిలబెడతాం? ఆ బావికి ఉన్నవి రెండు కట్టుబాట్లు. రెండూ ఎవరికీ అన్యాయం జరగకుండా పెట్టుకున్నవి. మొదటిది ఆమె నీళ్ళు లాక్కుంది, రెండోది ఆమె చేత వట్టి బావి తోడిస్తోంది. బావ చేసిందల్లా వాటిని తు.చ. తప్పకుండా పాటించడం.

తోటకు వెళ్ళి, పనివాళ్ళు వింటున్నారని కూడా చూడకుండా అరిచాను. "ఆవిడ పొద్దున్నుంచి బురద తోడుతోంది. నీ తొట్టి నిండా ఆ నీళ్ళే ఉన్నాయి. ఒక్క కాలవ వదిలితే ఆ మడి బతుకుతుంది, బావా."

బావకు మొదటిసారి కోపం వచ్చింది. "ఇవాళ వదిలితే రేపు అడుగుతారు. ఎల్లుండి హక్కంటారు. నేను ఇక్కడికి దానాలు చేయడానికి వచ్చానా? నువ్వు నెల జీతగాడివి, నీకేం తెలుసు సేద్యం సంగతి?"

నిజమే, నేను జీతగాణ్ణి. కాని నీళ్ళ వంతులు మా కాలవ మీదా ఉన్నాయి. పై చేను వాడు తూము తలుపు దించడం మరిచిపోతే కింద చేను వాడు కర్ర పట్టుకుని వస్తాడు. సాయమ్మ చేతిలో కర్ర లేదు. కర్రు విరిగిన నాగలి లాంటి ఒక కట్టుబాటు తప్ప ఏమీ లేదు. అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, "నేను ఈ మాట ఎన్నిసార్లు అన్నానో నీకు తెలియదురా" అంది. ఆ పూట తొట్టి తలుపు తెరుచుకోలేదు. గిలక మాత్రం పొద్దు గూకేదాకా మోగింది. గుత్తులు కోస్తున్న ఆడవాళ్ళు దాన్ని వింటూనే పని చేశారు.

తిరుగు దారి

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. అక్క బుట్టనిండా ద్రాక్షపళ్ళు సర్ది, పైన ఆకులు కప్పింది. నర్సయ్య పాలక్యాన్లతో సిద్ధంగా ఉన్నాడు. బావ పొలం గట్టు దాకా సాగనంపడానికి వచ్చాడు. నిన్నటి పోట్లాటను మనసులో పెట్టుకునే మనిషి కాడు. ఆ సంగతి కూడా చెప్పాలి.

గట్టు మీద నుంచి చూస్తే సాయమ్మ తన మడిలో వంగి వరి కోస్తోంది. పచ్చి వరి. కంకి ఇంకా పొట్టలోనే ఉంది.

"చూశావా? నిన్నంతా మొండికేసింది. ఇవాళ దారికొచ్చింది. పంట కోసేసుకుంటోందంటే ఇక ఈ వారంలోనే వస్తుంది నా దగ్గరికి" అన్నాడు బావ, జాలిగానే అన్నాడు.

నేను మడిలోకి దిగాను. నేల నెర్రెలిచ్చింది. ఆమె తలెత్తకుండానే, "పోతున్నవా సారూ" అంది.

"ఎందుకమ్మా పచ్చి పంట కోస్తున్నావు? ఇంకో వంతు దాకా చూడకపోయావా?"

"అప్పటికి ఎండిపోతది. ఎండితే ఎడ్లు గూడ సరిగ తినయి. పచ్చిగున్నప్పుడు ఏస్తే ఇంత బలమొస్తది. మళ్ళ వంతు దాంక నిలవడతయి."

"మళ్ళీ వంతుకు మాత్రం నీళ్ళుంటాయా?"

"ఉండయి."

"మరి ఎడ్లకు బలం ఎందుకు?"

ఆమె కోసిన వరిని పిడికిట్లో బిగించి మోపు మీద వేసింది. "మోట ఆడాలె గదా" అంది.

 ఇంటిల్లిపాదీ తినాల్సిన పంట ఎడ్లకు వేస్తోంది. అవి మళ్ళీ బురద తోడటానికి. వానలు పడేదాకా ఇలాగే తోలుతావా అని అడిగాను.

"వాన వడుడు రాయుడు సారు చేతుల లేదు గదా" అంది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి, "ఇగ పో సారూ, బస్సు పోతది. మళ్ళొచ్చేటప్పుడు కాళ్ళు మూసాపేటలనే కడుక్కొని రా" అని నవ్వింది. నేనూ నవ్వాను. 

బాట మీద నర్సయ్యను అడిగాను. "ఆ రోజు మాట నిజమే అన్నావు. అబద్ధమైనా చెప్పకపోయావా?"

ఆయన సైకిలు నడిపించుకుంటూ చాలా దూరం వచ్చాడు. "తాతల కట్టుబాటు సారూ. ఒక్కసారి తప్పితే మాకు గూడ బాయి ఉండదు" అన్నాడు. కొత్తగూడ దాటాక మళ్ళీ, "కొబ్బరికాయ నేనే కొట్టిన" అన్నాడు. మూసాపేట చేరాక హోటల్లో పాలు పోసి, నల్ల దగ్గర క్యాన్లు కడిగి, నీళ్ళు పట్టుకున్నాడు. నా చాయ్ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ద్రాక్షపళ్ళు రైల్లోనే సగం చితికాయి. మిగిలినవి మా ఇంట్లోవాళ్ళు తిని, ఎంత తియ్యగా ఉన్నాయో అన్నారు. వేసవికి మా కాలవ ఇంకా కట్టెయ్యలేదు. పొద్దున్నే ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఈ మధ్య అక్కడ కూర్చోలేకపోతున్నాను. నాలుగు రోజులకోసారి ఆ వంతు నాకే వచ్చినట్టు గుర్తొస్తుంది. ఇది రాస్తున్న ఇవాళ సాయమ్మ వంతు. అక్కడ వానలు పడ్డాయని అక్క ఇంకా కబురు పంపలేదు. సాయమ్మ బావిలో తన పాలు అమ్మిందని కూడా పంపలేదు. ఈ పాటికి ఆ రాళ్ళ మధ్య గిలక మోగుతూ ఉంటుంది.